గమ్ము, బనియన్ వేస్టు: ఒక మోడల్ వర్క్‌షాపులో కాలిన గాయం

ప్రమాదం జరిగింది హైదరాబాద్‌లో, బాలానగర్ వైపు కట్టబోయే భవనాలకి చిన్న నమూనాలు చేసే ఒక ఆర్కిటెక్చరల్ మోడల్ వర్క్‌షాపులో. గాయపడింది 22 ఏళ్ల అసిస్టెంటు. కుడి తొడ మీద తన అరచెయ్యంత మేర చర్మం కాలి బొబ్బలెక్కింది. కుడిచేతి మూడు వేళ్లు కాలడమే కాక ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అక్కడ నిప్పు లేదు, షార్ట్ సర్క్యూట్ లేదు, ఆ టేబుల్ మీద గ్లూ గన్ కూడా లేదు. కాల్చింది రోజూ వాడే ఇన్‌స్టంట్ గమ్ము.

వర్క్‌షాపు యజమాని నాకు పాత పరిచయం. నేను ఇదే లైనులో చాలాకాలం మోడల్స్ చేసి, ఇప్పుడు వర్క్‌షాపులకు లేజర్ మెషీన్లు, ఎగ్జాస్టులు బిగించి, పని పద్ధతులు సరిచేసి పెడుతుంటాను. ఆయన ఫోన్ చేసి అడిగింది ఒక్కటే ప్రశ్న. "గమ్ములో ఏదైనా కల్తీ ఉందంటారా సార్? మావాళ్లంతా అదే అంటున్నారు. సప్లయర్‌ని నిలదియ్యమంటారా?"

కల్తీ ఏమీ లేదు. గమ్ము తన పని తాను చేసింది. ఈ కేసు రాయడానికి కారణం వేరే. సేఫ్టీ కోసమని డబ్బు పెట్టి కొన్న వస్తువులే ఆ రాత్రి ఆ గాయాన్ని పెద్దది చేశాయి. ఈ మాట నేను చెప్పినప్పుడు ఆయన వెంటనే నమ్మలేదు. చూపించాక నమ్మారు. మనుషుల పేర్లు, వర్క్‌షాపు పేరు రాయకూడదన్న షరతు మీద ఇది బయట పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆ రాత్రి జరిగింది

ఆర్డరు ఒక గేటెడ్ కమ్యూనిటీది. స్కేలు 1:100. ముప్పై అంతస్తుల టవరు నిజంగా 90 మీటర్లుంటే మోడల్‌లో 90 సెంటీమీటర్లు. అలాంటి టవర్లు నాలుగు, మధ్యలో క్లబ్ హౌసు, చుట్టూ రోడ్లు, చెట్లు. ఈ స్కేలులో బాల్కనీ రెయిలింగ్ ఎత్తు 11 మిల్లీమీటర్లు వస్తుంది. లేజర్‌లో కట్ చేసిన 1 ఎం.ఎం. ఆక్రిలిక్ ముక్కను ట్వీజర్‌తో పట్టుకుని, కింది అంచుకి గమ్ము తాకించి, స్లాబు అంచు మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి రెండు సెకన్లు ఆగాలి. అలాంటివి వందల్లో ఉంటాయి.

ఆక్రిలిక్‌ని ఆక్రిలిక్‌కి అతికించాలంటే మనవాళ్లు మామూలుగా క్లోరోఫాం వాడతారు. కానీ స్లాబులకి అప్పటికే పెయింట్ అయిపోయింది. క్లోరోఫాం తగిలితే రంగు కరిగి మచ్చ పడుతుంది. అందుకని రెయిలింగులకి ఇన్‌స్టంట్ గమ్ము, అదీ నీళ్లలా పల్చగా ఉండే రకం తీసుకున్నారు. సందు దొరికితే చాలు, దానంతటదే పాకిపోతుంది. మోడల్ మేకర్లకి ఈ రకం అంటే ఇష్టం అందుకే. ఆ రాత్రి చేటు చేసింది కూడా ఆ గుణమే.

ఆదివారం లాంచింగ్, శుక్రవారం రాత్రికి పేకింగ్. గురువారం మధ్యాహ్నం ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి రెండు టవర్ల ఎలివేషన్, అంటే బయటికి కనపడే ముఖభాగం, మారిందని మెయిల్ వచ్చింది. ఈ లైనులో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. రాత్రి పదకొండు దాటాక కూడా అందరూ పనిలోనే ఉన్నారు.

టేబుల్ ఒకటే, 8 బై 4 ప్లైవుడ్ టేబులు. ఒక చివర కుర్రాడు రెయిలింగులు పెడుతున్నాడు. స్లాబు అంచు కంటికి తిన్నగా కనపడాలని పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. అంటే టేబుల్ అంచు అతని ఛాతీ దగ్గర, ఒడి సరిగ్గా దాని కింద. గమ్ము సీసా 50 గ్రాములది. ముక్కు పదేపదే మూసుకుపోతోందని ఎవరో మూతిని ముక్కుతో సహా పీకేసి పక్కన పడేశారు. తెరిచిన సీసాలో సన్న తీగ ముంచి గమ్ము తీసుకుంటున్నాడు. సీసా కుడిచేతికి అందేలా అంచుకి దగ్గరగా ఉంది.

టేబుల్ రెండో చివర ఇద్దరు బేస్ బోర్డు మీద పెట్టాల్సిన పెద్ద ఫోమ్ షీటును తిప్పుతున్నారు. షీటు మూల కటింగ్ మ్యాట్‌ని నెట్టింది, మ్యాట్ సీసాని నెట్టింది. సీసా ఒడిలో పడింది. సగం పైగా ఉన్న గమ్ము జీన్స్ మీద పరుచుకుంది.

తరవాతి పది సెకన్లే ఈ కేసుకి ప్రాణం. కుర్రాడు లేవలేదు, అరవలేదు. వర్క్‌షాపులో ఏది ఒలికినా అందరూ చేసేదే చేశాడు. భుజం మీదున్న బనియన్ వేస్టు, అంటే తుడవడానికి వాడే పాత కాటన్ బనియన్ గుడ్డ, తీసి తొడ మీద అదిమి తుడిచాడు. రంగు ఒలికినా, థిన్నర్ ఒలికినా, టీ ఒలికినా చేసేది అదే కదా. చేతికి తెల్ల కాటన్ గ్లోవ్స్ ఉన్నాయి. వేస్టు గమ్ముని పీల్చుకుంది, గ్లోవ్ పీల్చుకుంది. తొడ మీద నుంచి తెల్లటి పొగ లేచింది. "అన్నా, కాల్తున్నదే!" అన్న అరుపు అప్పుడు వచ్చింది. పొగ కళ్లకీ ముక్కుకీ ఎక్కి పక్కనున్నవాళ్లు దగ్గుతూ వెనక్కి జరిగారు. నిప్పు ఎక్కడుందా అని ఒకతను మెయిన్ స్విచ్ ఆపడానికి పరిగెత్తాడు.

సీనియర్ మేస్త్రీ "ప్యాంటు లాగెయ్ రా" అన్నాడు. ఇద్దరు లాగబోయారు. బట్ట చర్మానికి పట్టేసింది. కుర్రాడు పెట్టిన కేకకి చేతులు వదిలేశారు. ఇంకొకతను రంగుల్ని పల్చబరిచే ఎన్.సి. థిన్నర్ డబ్బా తెచ్చాడు, గమ్ముని కరిగిద్దామని. ఈలోగా చెట్ల పని చూసే అక్క తాగేనీళ్ల 20 లీటర్ల క్యానుని టేబుల్ మీదికి ఒరిగించి తొడ మీద పడేలా మొత్తం వంచేసింది. "నీళ్లు పొయ్యకూడదేమో అక్కా, కెమికల్ కదా" అన్నారెవరో. ఆమె వినిపించుకోలేదు. తరవాత నేను అడిగితే, ఇంట్లో పిల్లాడి చెయ్యి కాలినప్పుడు డాక్టరు చెప్పింది గుర్తొచ్చిందని చెప్పింది.

అంతమందిలో ఆ సమయానికి సరైన పని చేసింది ఆమె ఒక్కతే.

గమ్ము ఎందుకు కాల్చింది

ఇన్‌స్టంట్ గమ్ము రసాయన పేరు సయనోఅక్రిలేట్. అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం 1942లో తుపాకీ సైట్లకి పనికొచ్చే పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ దీన్ని చూసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పెట్టేశారు. 1951లో మళ్లీ చేతికి దొరికాక ఆ అంటుకునే గుణమే దాని విలువని గుర్తించారు. 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

చాలామంది అనుకున్నట్టు ఇది ఆరి గట్టిపడే గమ్ము కాదు. ఫెవికాల్‌లో నీరు ఆవిరైపోయి బిగుసుకుంటుంది. ఇందులో ఆవిరయ్యేది ఏమీ లేదు. సీసాలో ఉన్నంతసేపు దాని అణువులు విడివిడిగా ఉంటాయి. అలా ఉంచడానికి కంపెనీలు కొంచెం ఆమ్లం కలుపుతాయి. గాలిలో తేమ తగిలితే ఆ అదుపు తప్పి అణువులన్నీ వరసగా చేతులు కలుపుతాయి. అలా కలిసేటప్పుడు వేడి విడుదలవుతుంది. రెయిలింగ్ కింద అరచుక్క పెడితే ఆ వేడి తెలియదు, ఆక్రిలిక్ దాన్ని మింగేస్తుంది.

కాటన్ సంగతి వేరు. నూలు పోగులో సన్నటి పీచులు వేలల్లో ఉంటాయి, ప్రతి పీచూ కాస్త తేమ పట్టి ఉంచుతుంది. గమ్ము ఆ పీచులన్నిటి మీదా ఒక్కసారి పరుచుకుంటే అన్ని చోట్లా ఒకేసారి రియాక్షన్ మొదలవుతుంది. నిమిషాల మీద మెల్లగా రావాల్సిన వేడి సెకన్లలో వచ్చేస్తుంది. ఉన్నికీ, తోలుకీ కూడా ఇదే గుణం ఉంది. పైకి లేచిన తెల్ల పొగ మంట పొగ కాదు. ఆ వేడికి గమ్మే ఆవిరై పైకి లేస్తుంది. అందుకే కళ్లు అంతగా మండుతాయి.

గమ్ము లైనులో వంట సోడా వాడేవాళ్లకి ఇది ఇంకో రూపంలో తెలిసే ఉంటుంది. సందులో సోడా పోసి గమ్ము చుక్క వేస్తే చిటికెలో రాయి అవుతుంది, ముట్టుకుంటే సుర్రుమంటుంది. గమ్ముని త్వరగా బిగించే యాక్టివేటర్ స్ప్రే కొట్టినా అంతే. ఈ చిట్కా వర్క్‌షాపులో అందరికీ తెలుసు. ఒలికిన గమ్ము దగ్గర ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

కల్తీ అనుమానం మాటలతో పోదని తెలిసి, అందరినీ బయట ఆవరణలోకి పిలిచాను. గ్లేజ్ టైలు మీద మూడు ముక్కలు పెట్టాను: బనియన్ వేస్టు, పాలిస్టర్ గుడ్డ, రెగ్జిన్. అదే సీసాలో మిగిలిన గమ్ము, అందరూ దూరంగా, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి. ఒక్కో దాని మీద కొంచెం కొంచెం వేశాను. రెగ్జిన్ మీద గమ్ము చుక్కలా ఉండిపోయింది. పాలిస్టర్ తడిసి, తాపీగా గట్టిపడింది. బనియన్ వేస్టు ముందు ముదురు రంగుకి మారింది, తరవాత అంచుల దగ్గర చిన్నగా ముడుచుకుంది, ఆపైన తెల్ల పొగ. పొగ తగ్గాక స్క్రూడ్రైవర్‌తో తట్టితే టక్‌మని చప్పుడు, గుడ్డ కాస్తా పెంకు అయిపోయింది. షాపులో కొత్తగా తెచ్చిన ఇంకో కంపెనీ సీసాతో కూడా అదే జరిగింది. సప్లయర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఈ పరీక్ష మాత్రం గదిలో ఎవరూ చెయ్యకండి, ఎక్కువ గమ్ముతో అసలే వద్దు.

గోడ మీద చార్టు

ఆ షెడ్డులో గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో ఒక చార్టు ఉంది: "గ్లోవ్స్, ఏప్రాన్ తప్పనిసరి". కుర్రాడు ఆ రెండూ పాటించాడు. గ్లోవ్స్ కాటన్‌వి, ఏప్రాన్ కాటన్‌ది. ఆ రాత్రి ఉక్కపోతకి ఏప్రాన్‌ని నడుం దగ్గర చుట్టుకున్నాడు కాబట్టి అది గమ్ము దారిలో లేదు. ఉండి ఉంటే, జీన్స్ మీద ఇంకో కాటన్ పొర.

ఎందుకు కాటన్ అని అడిగాను. గ్లోవ్స్ విషయంలో జవాబు సరిగ్గానే ఉంది. కొత్త ఆక్రిలిక్ షీటు మీద పేపరు తీశాక వేలిముద్ర పడితే లైటింగ్‌లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది, తుడిస్తే గీతలు. కాబట్టి షీట్లు పట్టుకోవడానికి కాటన్ గ్లోవ్సే మంచివి. అవే గ్లోవ్స్‌తో గమ్ము పని కూడా చేయడం దగ్గర తేడా వచ్చింది. ఏప్రాన్‌కి జవాబు "కాటన్ అయితే చెమట పీలుస్తుంది కదా సార్". చెమట పీల్చేది గమ్మునీ పీలుస్తుంది.

యజమాని దగ్గర ఒక రిజిస్టరు ఉంది, చిన్న దెబ్బలు రాసుకునేది. నిజంగా మెచ్చుకోవాల్సిన అలవాటు. తిరగేస్తే దాదాపు అన్నీ బ్లేడు కోతలే. కట్టర్ స్కేలు మీంచి జారడం, మొద్దుబారిన బ్లేడుని బలంగా నొక్కడం, టేబుల్ మీంచి దొర్లిన కత్తిని గాల్లో పట్టుకోబోవడం. చూసినదాన్ని బట్టే భయం, భయాన్ని బట్టే కొనుగోళ్లు. కత్తికి భయపడి గ్లోవ్స్ కొన్నారు. గమ్ము రిజిస్టరులో ఒక్కసారి కూడా లేదు, ఎందుకంటే వేలికి అంటుకుంటే అది దెబ్బ కింద ఎవరూ లెక్కపెట్టరు. నవ్వి గోకేసుకుంటారు.

బ్లేడు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. కత్తి పడితే కాళ్లు వెనక్కి తీసి పడనివ్వడం, బ్లేడు మొద్దుబారక ముందే విరిచెయ్యడం, విరిచిన ముక్కలకి మూత ఉన్న డబ్బా. తెలియనివి కావు.

ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒక పెద్దాయన ఆ రోజు అక్కడే ఉన్నారు. కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు, అది ఆరడానికి తీరిక కావాలి గానీ ఒక్కడి చర్మం కూడా కాల్చదు అన్నారు. నిజమే. కానీ గురువారం మధ్యాహ్నం ఎలివేషన్ మార్చేవాళ్లు మక్కు ఆరేదాకా ఆగరు.

నీళ్లు, థిన్నరు, టూత్‌పేస్టు

నీళ్లు పొయ్యడం సరైనదా కాదా అని అక్కడ గట్టి వాదనే జరిగింది. నీళ్లు తగిలితే గమ్ము ఇంకా త్వరగా గట్టిపడుతుంది, నిజమే. కానీ అప్పటికే రియాక్షన్ పరాకాష్ఠలో ఉంది. బోలెడన్ని నీళ్లు ఒక్కసారిగా పడితే ఆ వేడిని లాక్కుపోతాయి. గ్లాసుడు చాలవు, బకెట్లు కావాలి. గట్టిపడిన గమ్ము చర్మం మీద ఉంటే ఉండనీ, అది తరవాత సంగతి. ముందు వేడి ఆగాలి. ఆ తరవాత కూడా కాలిన చోట ఇరవై నిమిషాల పాటు చల్లటి పంపు నీళ్లు ధారగా పడుతూ ఉండాలి. ఐసు పెట్టకూడదు.

ఆ రాత్రి నీళ్లు ఆగింది క్యాను ఖాళీ అయ్యాకే. బాత్రూం షెడ్డుకి బయట, అవతలి మూల. ఆటో వచ్చేలోగా ఎవరో టూత్‌పేస్టు రాశారు. ఆస్పత్రిలో ముందు అది కడగడానికే టైం పట్టింది. పసుపు, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి, ఏదీ వద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చెయ్యాలి.

థిన్నర్ విషయానికొస్తే, కాలిన చర్మం మీద అది పోస్తే నొప్పి మాట అటుంచి, వేడిగా ఉన్న గుడ్డ మీద మండే ద్రవం పోసినట్టు. ఎసిటోన్ గమ్ముని కరిగిస్తుంది, అది గాయం లేని చర్మం మీద వేళ్లు అతుక్కున్నప్పుడు, అదీ కొంచెమే. నిజానికి అతుక్కున్న వేళ్లకి గోరువెచ్చని సబ్బు నీళ్లు, ఓపిక చాలు. లాగకూడదు, పెన్సిల్ లాంటిది మధ్యలో దొర్లించి మెల్లగా విడదియ్యాలి.

బట్ట చర్మానికి పట్టేస్తే దాన్ని లాగే పని డాక్టర్లది. ఆస్పత్రిలో చుట్టూ కత్తిరించి, పట్టిన ముక్కను వదిలేసి, నానబెట్టి తీశారు. కాలిన గాయాల లెక్కలో రోగి అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఒంటి మీద సుమారు 1 శాతం. విస్తీర్ణం ఇంతే అయినా లోతు తక్కువేం కాదు, రెండో డిగ్రీ. కుర్రాడికి దాదాపు మూడు వారాలు డ్రెస్సింగులు నడిచాయి.

కంటి గురించి విడిగా చెప్పాలి. ఆ రాత్రి కంట్లో పడలేదు, పొగ మాత్రమే తగిలింది. కానీ సీసా ముక్కు మూసుకుపోయినప్పుడు గట్టిగా నొక్కితే చుక్క ఎగిరి కంట్లో పడడం ఈ లైనులో వినే ఉంటారు. రెప్పలు అతుక్కుంటే బలవంతంగా తెరవకూడదు, కంటి దగ్గర ఎసిటోన్ కానీ థిన్నర్ కానీ తీసుకురాకూడదు. నీళ్లతో బాగా కడిగి, తడి గుడ్డ కప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నొక్కే పని ఏదైనా కళ్లద్దాలు పెట్టుకునే చెయ్యాలి.

ఏం మార్చాం

మొదట సీసా. 50 గ్రాములది టేబుల్ మీదికి రాదు, బీరువాలోనే ఉంటుంది. టేబుల్ మీద 20 గ్రాములదే, అదీ చెక్క దిమ్మెలో తొలిచిన గుంతలో. దిమ్మె కింద రబ్బరు. మోచెయ్యి తగిలితే కదులుతుంది గానీ పడదు. ఇది బనానా చిప్స్ ఖర్చు కూడా కాని మార్పు, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ.

అసలు రెయిలింగ్ అంటించేవాడి చేతి దగ్గర సీసానే అక్కర్లేదు. చిన్న పాలిథిన్ మూతలో నాలుగైదు చుక్కలు వేసుకుంటే చాలా పని అవుతుంది. తీగ బదులు సూది పద్ధతి నేర్పాను. కుట్టుసూది కన్నం చివర కొంచెం అరగదీస్తే అది చిన్న పంగలా అవుతుంది. మొన వైపు సన్న కర్రలోకి గుచ్చితే పిడి. ఆ పంగ మధ్యలో గమ్ము అంతంతే నిలుస్తుంది, అంచుకి తాకిస్తే సందులోకి దిగిపోతుంది. పంగ మూసుకుపోతే లైటరు మంటలో కాల్చి తుడవచ్చు, కానీ ఆ పొగ పీల్చకూడదు, గమ్ము దగ్గర అసలు చెయ్యకూడదు. మా పెద్దవాళ్లు కొందరు దాన్ని బ్లేడుతో గీకి శుభ్రం చేస్తారు, అదే మేలు.

ఒడి మీద రెగ్జిన్. ముందు పూర్తి రెగ్జిన్ ఏప్రాన్లు కొన్నారు, రెండో రోజుకే అందరూ మేకుకి తగిలించేశారు. మే నెలలో ఆ షెడ్డులో రెగ్జిన్ తొడుక్కోమంటే ఎవడు తొడుక్కుంటాడు? అందుకని నడుం నుంచి మోకాలి దాకా మాత్రమే వచ్చే ముక్క, పక్కల టేపుతో కట్టుకునేది. గమ్ము టేబుల్ మీద కూర్చున్నంతసేపే. ఇది నిలబడింది.

గ్లోవ్స్ రెండు రకాలు, రెండు డబ్బాల్లో. షీటు పట్టుకోవడానికి తెల్ల కాటన్, గమ్ముకి నైట్రైల్, అంటే గమ్ముని పీల్చుకోని పల్చటి రబ్బరు రకం. అల్లిక రకం కట్ రెసిస్టెంట్ గ్లోవ్స్ కూడా గమ్ము టేబుల్ దగ్గరికి రాకూడదు, అవీ పీల్చుకుంటాయి. గోడ మీద చార్టు తీసేశాం. దాని బదులు ఒక్కో టేబుల్ మీద ఆ టేబుల్‌కి సంబంధించిన రెండు లైన్లే. గమ్ము టేబుల్ మీద రాసింది: "ఒలికితే తుడవొద్దు. లే, నీళ్లు."

ఆ నీళ్లు ఎక్కడున్నాయి మరి? షెడ్డులోకి ఒక పంపు లాగించాం, దాని కింద రెండు నిండు బకెట్లు. బనియన్ వేస్టు గమ్ము టేబుల్ నుంచి పూర్తిగా పోయింది. ఇది మాత్రం అన్నిటికన్నా కష్టమైన అలవాటు. చెయ్యి భుజం మీదికి వెళ్తుంది, అక్కడ గుడ్డ లేదని తెలిసి ఆగుతుంది.

పెద్ద షీట్లు తిప్పే పని, గమ్ము పని ఒకే టేబుల్ మీద జరగకూడదన్నాను. చోటు లేదన్నారు. చివరికి పాత స్టడీ టేబుల్ ఒకటి గోడవారగా వేసి, అంచుకి చుట్టూ అర అంగుళం చెక్క పట్టీ కొట్టాం. సీసా దొర్లినా అంచు దాటదు.

లేజర్ పట్టాల మీద తుప్పు

గమ్ము కోసం వెళ్లినవాణ్ని లేజర్ దగ్గర ఆగిపోయాను. మెషీను వయసు చూస్తే కొత్తదే, కానీ పట్టాలు, బేరింగులు, స్క్రూల తలలు గోధుమ రంగు తుప్పు పట్టి ఉన్నాయి. ముఖ్యంగా ఎగ్జాస్టు దగ్గర. లెన్సు మీద మబ్బు. "వానాకాలం సార్, చెమ్మ" అన్నాడు ఆపరేటరు. పక్కనే డ్రిల్లింగ్ మెషీనుకి తుప్పు లేదు, దానికీ అదే వానాకాలం.

ఆక్రిలిక్ కోస్తే ఇలా కాదు. పి.వి.సి. కోస్తే ఇలా అవుతుంది. వేడికి పి.వి.సి.లోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. గాలిలో తేమతో కలిస్తే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఇనుముని తిన్నది, మనిషి గొంతునీ ఊపిరితిత్తుల్నీ తింటుంది. ఆపరేటరుకి పొడి దగ్గు ఉందా అని అడిగాను. ఉంది. సిగరెట్టు మీద నెట్టుకొస్తున్నాడు.

"మేం పి.వి.సి. కొయ్యం సార్, ఆక్రిలికే" అని ప్రమాణం చేశారు. అబద్ధం చెప్పట్లేదు. కట్ ముక్కల గుట్టలో చూస్తే తెల్ల ముక్కలన్నీ ఒకేలా ఉన్నాయి. సన్‌బోర్డు అని మనం తెచ్చుకునేది చాలావరకు పి.వి.సి. ఫోమ్ షీటే. చిన్న ముక్క కావాల్సొచ్చినప్పుడు గుట్టలోంచి తెల్లది ఏది దొరికితే అది మెషీన్లో పెట్టేస్తున్నారు.

తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. రాగి తీగను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకి కొంచెం తాకించి, మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉంటే మంట ఆకుపచ్చగా వెలుగుతుంది. బయట, ఆరుబయట, చిటికెడు ముక్కతో మాత్రమే. గుట్టలోంచి తీసిన తెల్ల ముక్కల్లో చాలావాటికి ఆ పచ్చ వెలుగు వచ్చింది. ఆపరేటరు మొహం చూసి నేనింక ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆక్రిలిక్ కట్ ముక్కలకి పేపరు తియ్యరు, సన్‌బోర్డు ముక్కలు వేరే గదిలో. పేపరు లేని తెల్ల ముక్క మెషీన్లోకి వెళ్లదు.

ఇంకో మాట. మెషీన్లో ఆక్రిలిక్ కోస్తుండగా టీకి వెళ్లడం అక్కడ మామూలే. ఆక్రిలిక్ ఆవిరి మండుతుంది. కోసే చోట గాలి ఊదే ఎయిర్ అసిస్టు ఆగినా, లేజర్ ఒకే చోట నిలిచినా మంట లేస్తుంది. లేజర్ నడుస్తున్నంతసేపు మనిషి కదలకూడదు, పక్కన మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉండాలి. టీ వాళ్లే తెచ్చిస్తారు.

మిగిలిపోయినవి

క్లోరోఫాం తాగేనీళ్ల సీసాలో ఉంది, తాగేనీళ్ల సీసాల పక్కనే. అదొక్కటి మాత్రం ఆ రోజే, నేను కదలకముందే మార్పించాను. గాజు సీసా, ఎర్ర మూత, ఎర్ర చీటీ. అందులోంచి సిరంజితోనే తీసుకోవాలి. మామూలు దుమ్ము మాస్కు, ఎన్95 కూడా, దీని ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. నైట్రైల్ గ్లోవ్ కూడా దీని ముందు ఎంతోసేపు నిలవదు, చుక్క పడిన వెంటనే మార్చెయ్యాలి. క్లోరోఫాంని క్యాన్సర్ కారకం కావచ్చన్న 2బి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐ.ఏ.ఆర్.సి. పెట్టింది. బదులుగా కొందరు వాడే డైక్లోరోమీథేన్ ఇంకా పై మెట్టులో, 2ఏలో ఉంది. కాబట్టి ఒకటి మానేసి ఇంకొకటి పట్టుకోవడం పరిష్కారం కాదు.

అంతకన్నా నాకు టెన్షన్ పెట్టింది, క్లోరోఫాంతో అంటించే చోటికి రెండడుగుల దూరంలో ఆక్రిలిక్ వంచే హీటింగ్ రాడ్డు. ఎర్రగా కాలే వస్తువు దగ్గర క్లోరోఫాం ఆవిరి విడిపోయి ఫాస్జీన్ పుట్టే ప్రమాదం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా వాడింది దాన్నే. రాడ్డు షెడ్డు రెండో చివరికి మారింది.

ఎగ్జాస్టు డక్టు మాత్రం ఇంకా పెండింగే. వెనక గోడకి కన్నం పెడితే అవతల అద్దెకుంటున్నవాళ్ల వంటగది కిటికీ వస్తుంది. డక్టుని పైకప్పు దాకా ఎత్తాలి, షెడ్డు ఓనరు రేకు కొయ్యనివ్వడం లేదు. నేను కొలతలు, ఫ్యాను సైజు రాసిచ్చి వచ్చాను. ఆ పని తేలేదాకా ఆక్రిలిక్ అతుకు పని పగలే, షట్టర్ ఎత్తి, బయటికి గాలి తోసే ఫ్యాను పెట్టుకుని మాత్రమే చెయ్యాలన్నది ఒప్పందం.

కుర్రాడు పనిలోకి తిరిగొచ్చాడు. రెయిలింగులు తనకొద్దన్నాడు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు చెట్ల పని దగ్గర అక్కకి సాయం చేస్తున్నాడు. అక్కడ గమ్ము ఉంది గానీ, అది ఫెవికాల్.